పచ్చికలో వేరుపురుగు: గుర్తించు విధము, నివారణ

శ్రావణ మాసము. వానలు సకాలములో కురిసినవి. చుట్టునున్న చెట్టుచేమలన్నియు నవనవలాడుచున్నవి. కాని పాఠశాల ఆవరణలోనో, ఆసుపత్రి ముంగిటనో, మీ ఇంటి వాకిటనో ఎంతో శ్రమపడి పెంచిన పచ్చిక మాత్రము మచ్చలు మచ్చలుగా పండుబారుచున్నది. నీరు చాలలేదేమో అని మీరు నీరు పెట్టుదురు. బలము చాలలేదేమో అని యూరియా చల్లుదురు. మచ్చ మరింత పెద్దదగును. చివరకు ఎవరో చెప్పిన మందు తెచ్చి పోయుదురు. అప్పటికి పచ్చిక చాపవలె చేతికి ఊడి వచ్చును.

ఇట్టి సందర్భములలో తరచుగా దోషము నీటిది కాదు, ఎరువుది కాదు. నేలలో దాగి వేళ్లను కొరుకుచున్న వేరుపురుగుది. కంటికి కనబడదు గనుక దీనిని ఎవరును అనుమానింపరు.

నేనును ఒకప్పుడు ఈ పొరపాటే చేసితిని. కొన్ని సంవత్సరముల క్రిందట రాయలసీమలో పనిచేయుచుండగా ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిపించి, తమ పచ్చికను చూపిరి. నేను నిలుచున్న చోటినుండియే చూచి, ఇది నత్రజని లోపమని చెప్పి, యూరియా చల్లవలసినదని సలహా ఇచ్చి వచ్చితిని. మూడు వారముల పిమ్మట మరల వెళ్లునప్పటికి పచ్చికలో సగము పోయినది. మిగిలిన దానిని రాత్రివేళ ఊరపందులు జొరబడి కుళ్లగించినవి. ఆ కుళ్లగించిన చోట చేతితో మన్ను తీసి చూచితిని. పిడికెడు మంటిలో నాలుగు తెల్లని పురుగులు చుట్టలు చుట్టుకొని పడియున్నవి.

అంతలో ప్రహరీగోడకు అవతల వేరుశనగ చేను గల రైతు వచ్చి నిలబడి, "అయ్యా, మీరు గడ్డి చూసేకి వచ్చినారు. ఇవే పురుగులు నా చేన్లో చెట్టు చెట్టుకూ ఉండాయి. బడిలో వేపచెట్ల మీదనుంచి వచ్చి నా చేన్లో పడతాండాయి" అన్నాడు.

ఆ రైతు చెప్పినది అక్షరాల నిజము. పచ్చిక పోయినచో మరల నాటుకొనవచ్చును. అతని చేను పోయినచో ఆ యేటి ఆధారమే పోవును. రెండింటిని పాడుచేయు పురుగు ఒకటే. రెండింటికి అది వచ్చు దారియు ఒకటే. కాబట్టి పచ్చిక గల ప్రతివారును ఈ పురుగును గూర్చి తెలిసికొనుట తమ కొరకే గాక, ఇరుగు పొరుగు రైతుల కొరకు గూడ అవసరము.

పురుగు స్వరూపము

వేరుపురుగు అనునది ఒక జాతి పెంకుపురుగు యొక్క పిల్లదశ. దక్షిణ భారతమున వేరుశనగ, చెరకు మొదలగు పైరులకు, గడ్డి జాతులకు హాని చేయు వానిలో హోలోట్రైకియా సెర్రాటా అను జాతి ముఖ్యమైనది. రాజస్థాన్, గుజరాత్ ప్రాంతములలో దీనికి దగ్గరి చుట్టమైన హోలోట్రైకియా కన్సాంగ్వినియా అను జాతి ఎక్కువ.

పిల్లపురుగు తెల్లగా గాని, మీగడ రంగులో గాని ఉండును. తల గోధుమ రంగులో గట్టిగా ఉండును. ఛాతీ భాగమున మూడు జతల కాళ్లు స్పష్టముగా కనబడును. తోక వైపు భాగము ఉబ్బి, లోపలి మన్ను చర్మము గుండా నల్లగా కనబడును. మన్ను తవ్వి బయట వేసినప్పుడు ఇది కొడవలివలె వంగి, చుట్టుకొని, కదలక పడియుండును. ఈ వంపును బట్టియే మీరు దీనిని గుర్తింపవచ్చును.

తెల్లగా వంగియున్న ప్రతి పురుగును శత్రువు కాదని గూడ తెలిసికొనవలెను. ఎరువు గుంటలో కనబడు బొటనవ్రేలి మందపు పురుగులు కొబ్బరిని ఆశించు కొమ్ముపురుగు పిల్లలు కావచ్చును. అవి చివికిన పదార్థమును తినును గాని గడ్డి వేళ్లను తినవు. కుళ్లిన ఆకు, ఎరువులలో పెరుగు మరియొక తెగ పురుగులు గలవు. వానిని చదునైన నేలపై వదలినచో వెల్లకిల పడి, కాళ్లు ఆకాశము వైపు పెట్టి, వీపుతోనే పాకిపోవును. ఇట్లు వీపుతో పాకునది గడ్డికి హాని చేయునది కాదు. వేరుపురుగు అట్లు పాకదు. తొలకరిలో నేలపై తిరుగాడు ఎర్రని మఖమలువంటి ఆరుద్ర పురుగు కూడ మనకు శత్రువు కాదు. దానిని చంపరాదని పిల్లలకు చెప్పుడు.

జీవిత చరిత్ర

ఈ పురుగు జీవిత చరిత్ర తెలిసిననే గాని దీనిని ఎప్పుడు పట్టవలెనో తెలియదు. ఇది సంవత్సరమునకు ఒక తరమును మాత్రమే పూర్తి చేయును. ఇది మన అదృష్టము. ఒక్క అదనులో జాగ్రత్తపడినచో ఆ యేడంతయు నిశ్చింతగా ఉండవచ్చును.

పెంకుపురుగులు వేసవి అంతయు భూమిలో లోతున కదలక పడియుండును. రోహిణి, మృగశిర కార్తెలలో నేల బాగుగా తడిసిన మొదటి వాన పడగానే, ఆ సాయంకాలము చీకటి పడు వేళ భూమినుండి వెలువడును. వెంటనే చేరువలోనున్న వేప, రేగు, తుమ్మ వంటి చెట్లపై వ్రాలి, ఆకు తినుచు, జతకట్టును. రాత్రి గడచి తెల్లవారకముందే మరల నేలకు దిగి మంటిలో దాగును. అందువలన పగటివేళ మీరు చెట్టు క్రింద ఎంత వెదకినను ఒక్కటియు కనబడదు. చెట్టు ఆకులు అంచులనుండి కొరికియుండుట మాత్రమే కనబడును.

కొద్ది దినముల పిమ్మట తల్లిపురుగు తేమ గల నేలలో కొన్ని అంగుళముల లోతున ముత్యములవంటి తెల్లని గుడ్లను విడివిడిగా పెట్టును. ఒకటి, రెండు వారములలో గుడ్లు పొదిగి పిల్లపురుగులు వచ్చును. మొదట ఇవి మంటిలోని చివికిన పదార్థమును, సన్నని వేళ్లను తినును. రెండుసార్లు కుబుసము విడిచి మూడవ దశకు వచ్చిన పిమ్మట వీని ఆకలికి అంతుండదు. పచ్చికకు గాని, పైరుకు గాని కలుగు నష్టములో అధిక భాగము ఈ మూడవ దశలోనే జరుగును. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలలో మచ్చలు హఠాత్తుగా కనబడుటకు ఇదియే కారణము. పురుగు హఠాత్తుగా రాలేదు. జ్యేష్ఠములోనే వచ్చినది. మనము చూచుట ఆలస్యమైనది.

కొన్ని జాతులలో ఈ పిల్లదశ రెండు నెలలలో ముగియును. మరికొన్నిటిలో ఐదారు నెలలు సాగును. తరువాత పురుగు భూమిలో లోతునకు దిగి మట్టిగూడు కట్టుకొని, కోశస్థ దశను గడపి, పెంకుపురుగుగా మారి, మరుసటి తొలకరి వరకు ఆ గూటిలోనే నిదురించును.

పచ్చికకు కలుగు నష్టము

గరిక పచ్చికయైనను, కొరియన్ గడ్డియైనను ఈ పురుగుకు ఒకటే. అది వేళ్లను అంగుళము, రెండంగుళముల లోతున కొరికివేయును. మొదట గడ్డి మధ్యాహ్నపు ఎండకు వాడి, సాయంకాలమునకు తేరుకొనును. తరువాత పండుబారి మచ్చలేర్పడును. ఆ మచ్చలు వ్యాపించి ఒకదానితో నొకటి కలియును. నడచినప్పుడు పాదము క్రింద నేల పరుపువలె మెత్తగా దిగును. గడ్డిని గుప్పిట పట్టి లాగినచో వేళ్లు లేకయే చాపవలె లేచి వచ్చును.

పక్షులు, జంతువులు మనకన్న ముందే ఈ పురుగును కనిపెట్టును. కాకులు, గోరింకలు, కొంగలు దినదినము ఒకే చోట వ్రాలి ముక్కుతో పొడుచుచున్నచో, రాత్రివేళ పందులు, పందికొక్కులు పచ్చికను త్రవ్వుచున్నచో, మీరు వానిని తరిమి ఊరకుండరాదు. అవి ఎక్కడ త్రవ్వినవో అక్కడ మీరును త్రవ్వి చూడవలెను.

ఇతర కారణములనుండి వేరుచేయుట

పండుబారిన పచ్చికయంతయు వేరుపురుగు వలననే అనుకొనుటయు పొరపాటే. ఈ క్రింది భేదములు గమనింపుడు.

నీటి ఎద్దడి వలన ఎండిన గడ్డి గట్టిగా నేలను పట్టుకొనియుండును. లాగిన ఊడిరాదు. నీరు పెట్టిన కొలది దినములలో చిగురించును.

బూజు తెగులు సోకినచో ఆకుపై మచ్చలుండును. తెల్లవారుజామున మంచుపదునులో సన్నని బూజు దారములు కనబడవచ్చును. వేళ్లు మాత్రము నిలిచియుండును.

చెదలు పట్టినచో ఎండిన పుల్లలపై మట్టిపూత కనబడును.

కుక్క మూత్రము పడిన చోట గుండ్రని ఎండుమచ్చయు, దాని చుట్టును ముదురాకుపచ్చ వలయమును ఏర్పడును. ఎరువు ఎక్కువైనచో మనము చల్లిన చాలు వెంబడి గడ్డి మాడును.

గొంగళిపురుగులైనచో ఆకులనే తినును. బకెట్టు నీటిలో కొద్దిగా సబ్బు కలిపి చదరపు గజము మేర పోసినచో అవి కొలది నిమిషములలో పైకి వచ్చును. వేరుపురుగు మాత్రము సబ్బునీటికి పైకి రాదు. సబ్బునీరు పోసి, ఏమియు రాలేదు గనుక పురుగు లేదని తీర్మానించినవారు మోసపోవుదురు. వేరుపురుగును చూచుటకు తవ్వుట తప్ప వేరు దారి లేదు.

తవ్వి చూచు విధము

ఇందుకు ఒక పారయు, ఒక పాత గోనెసంచియు చాలును. పూర్తిగా ఎండిన మచ్చ నడుమ తవ్వరాదు. అక్కడి వేళ్లన్నియు తిని పురుగు పక్కకు జరిగియుండును. పసుపు రంగు ఆగి పచ్చరంగు మొదలగు అంచునందు తవ్వవలెను.

అక్కడ అడుగు పొడవు, అడుగు వెడల్పు గల చదరము గుర్తింపుడు. మూడు ప్రక్కల పారతో నాలుగంగుళముల లోతు కోసి, నాలుగవ ప్రక్కను మడతగా ఉంచి, గడ్డిని పుస్తకపు అట్టవలె వెనుకకు త్రిప్పుడు. వేళ్ల నడుమ ఉన్న మన్నును, క్రింది మన్నును గోనెసంచిపై రాల్చి, చేతితో చిదిపి, పురుగులను లెక్కపెట్టుడు. పిమ్మట మన్నును, గడ్డిని యథాస్థానమున పెట్టి, కాలితో అదిమి, నీరు పోయుడు. గడ్డి మరల పట్టుకొనును. ఇట్లు పచ్చికలో నాలుగైదు చోట్ల చూచి, ఎక్కడ ఎన్ని ఉన్నవో కాగితముపై వ్రాసికొనవలెను. పచ్చికయంతయు ఒకే తీరుగా పురుగు ఉండదు. చెట్లకు, దీపస్తంభములకు దగ్గరగా ఎక్కువగా ఉండును. ఈ కాగితము చేతనున్నచో పని పచ్చికయంతట చేయనక్కరలేదు. పురుగున్న చోటనే చేయవచ్చును.

ఈ పరీక్షకు పుష్యమి, ఆశ్లేష కార్తెలు మంచివి. అప్పటికి పురుగు చిన్నది. వేళ్ల దాపునే ఉండును. సులభముగా అదుపులోనికి వచ్చును. మచ్చలు కనబడు వరకు ఆగినచో పురుగు ముదిరిపోవును.

ఎన్ని ఉన్న ప్రమాదము?

ఒకటి రెండు పురుగులు కనబడగానే బెదరిపోనక్కరలేదు. వేళ్లు లోతుగా దిగిన ఆరోగ్యమైన పచ్చిక కొన్ని పురుగులను భరించుకొనగలదు. అమెరికా దేశమున పచ్చికలలో చిన్న జాతి పురుగులైనచో చదరపు అడుగుకు 6 నుండి 10 వరకు, పెద్ద జాతివైనచో 3, 4 కనబడినప్పుడు చర్య తీసికొందురు. మన హోలోట్రైకియా పెద్ద జాతి పురుగు. కాబట్టి చదరపు అడుగుకు మూడు దాటినచో ఉపేక్షింపరాదు.

వేరుశనగ రైతునకు ఈ లెక్క చెల్లదు. అక్కడ చదరపు మీటరుకు ఒక్క పురుగు ఉన్నను నష్టమే. ఏలయనగా గరిక ఒక వేరు పోయిన పది వేళ్లు వేయును. వేరుశనగ మొక్క తల్లివేరు తెగినచో చచ్చిపోవును. ఒక మొక్క చచ్చిన పిమ్మట పురుగు సాలు వెంబడి పక్క మొక్కకు పోవును.

తొలకరి రాత్రి చేయవలసిన పని

ఈ పురుగును అదుపుచేయుటకు మార్గములు పెక్కు గలవు. అన్నిటికన్న తేలికయైనది, ఖర్చు లేనిది, విషము లేనిది ఒకటి గలదు. అది తొలకరి రాత్రి పెంకుపురుగును చెట్టుపైననే పట్టుట. ఒక తల్లిపురుగును గుడ్లు పెట్టకముందు పట్టినచో కొన్ని పదుల వేరుపురుగులను పట్టినట్లే.

మొదటి మంచి వాన పడిన దినమున చీకటి పడగానే సిద్ధముగా ఉండవలెను. వేపచెట్టు క్రింద పాత దుప్పట్లు గాని, పట్టాలు గాని పరచుడు. రాత్రి ఏడున్నర మొదలు తొమ్మిదిన్నర వరకు దోటితో కొమ్మలను పట్టి గట్టిగా కుదుపుడు. జతకట్టిన పురుగులు జలజల రాలును. వానిని ఏరి, కొద్దిగా కిరోసిను కలిపిన నీరున్న డబ్బాలో వేయుడు. కిరోసిను లేనిచో సబ్బునీరు చాలును. తరువాతి మూడు నాలుగు రాత్రులును ఇట్లే చేయవలెను. మధ్య కొన్ని దినములు వాన ఆగి మరల గట్టిగా కురిసినచో ఆ రాత్రియు చూడవలెను.

ఒక్కరు చేసిన ఫలితము స్వల్పము. తమ చెట్టును దులిపి పక్కవాని చెట్టును విడిచినచో అక్కడి పురుగులు మరునాడు ఇక్కడికే వచ్చును. ఊరంతయు, ఆవరణ అంతయు ఒకే రాత్రి చేసినప్పుడే ప్రయోజనము కలుగును. వేపచెట్లను నరికివేయవలెనను ఆలోచన కొందరికి కలుగును. అది తగదు. చెట్టు లేనిచో పురుగు మరొక చెట్టును వెదకుకొనును. చెట్టున్నచో పురుగులన్నియు ఒక చోట కూడి మన చేతికి చిక్కును. చెట్టు మనకు బోనువంటిది.

పెంకుపురుగులు దీపమునకు గూడ ఆకర్షింపబడును. కాబట్టి ఆ దినములలో పచ్చికపై వెలుగు పడు దీపములను ఏడు గంటలనుండి పది గంటల వరకు ఆర్పియుంచుట మేలు. దీపపు ఎర పెట్టదలచినచో పచ్చికకు దూరముగా పెట్టి, దాని క్రింద వెడల్పైన పళ్లెములో సబ్బునీరు ఉంచవలెను. ఎరను పచ్చిక నడుమ పెట్టుట శత్రువును ఇంటికి పిలుచుటయే.

రాజస్థాన్ ప్రాంతపు జాతి విషయమున 1996లో ఒక చక్కని సంగతి వెలువడినది. ఆ జాతి ఆడపురుగు విడుచు వాసన మెథాక్సీ బెంజీన్ అను పదార్థమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ పదార్థమును అద్దిన స్పాంజిముక్కలను ఎంపిక చేసిన చెట్లకు కట్టి పురుగులను అక్కడికే రప్పించి చంపుచున్నారు. కాని ఒక్కొక్క జాతి వాసన ఒక్కొక్కటి. మన జాతులన్నియు దానికి వచ్చునని అనుకొనరాదు.

నీటి విషయములో కూడ ఒక మెలకువ గలదు. గుడ్లు పొదుగుటకు తేమ కావలెను. పెంకుపురుగులు ఎగిరిన తరువాతి రెండు మూడు వారములలో వాన ఆగినచో, పచ్చిక మరీ వాడిననే తప్ప నీరు పెట్టకుడు. పొడినేలలో గుడ్లు చాలవరకు చెడిపోవును. అటు పిమ్మట మచ్చలు కనబడినప్పుడు మాత్రము నీరు ఎగ్గొట్టరాదు. వేళ్లు పోయిన గడ్డికి నీరే ప్రాణము.

నేలలోని పురుగును అదుపుచేయుట

తవ్వి చూచిన పిమ్మట పురుగు ఎక్కువగా ఉన్నదని తేలినచో, చిన్న పచ్చికలో ఆ అంచుల వెంబడి గడ్డిని మడచి పురుగులను చేతితో ఏరివేయుటయే సులభము. ఏరిన పురుగులను కోళ్లకు వేయవచ్చును. పచ్చికకు పూర్వమే ఏ మందైనను పోసియున్నచో మాత్రము వేయరాదు.

పెద్ద పచ్చికలకు జీవసంబంధమైన సాధనములు రెండు గలవు.

మొదటిది మెటారైజియం అనైసోప్లియే అను శిలీంధ్రము. ఇది పురుగు చర్మముపై మొలిచి లోపలికి దిగి చంపును. చచ్చిన పురుగుపై మొదట తెల్లని, పిమ్మట ఆకుపచ్చని బూజు కనబడును. ఎకరాకు 2 కిలోల పొడిని 100 కిలోల బాగుగా చివికిన పశువుల ఎరువుతో కలిపి, కొద్దిగా తేమచేసి, నీడలో వారము దినములుంచి వాడుదురు. ఈ లెక్కన సెంటు పచ్చికకు 20 గ్రాముల పొడియు, కిలో ఎరువును సరిపోవును. సాయంకాలము చల్లి, పలుచగా నీరు పెట్టవలెను. దీనితో పాటు బూజుమందులు వాడరాదు. వాడినచో ఈ శిలీంధ్రము గూడ చచ్చును.

రెండవది హెటిరోరాబ్డైటిస్ ఇండికా అను మేలుచేయు నులిపురుగు. ఇది కంటికి కానరానంత సన్ననిది. 1992లో కోయంబత్తూరునుండి తొలిసారిగా వర్ణింపబడిన మన దేశపు జీవి. ఇది వేరుపురుగు శరీరములో దూరి, తనతో తెచ్చిన సూక్ష్మజీవులను విడుచును. వేరుపురుగు రెండు మూడు దినములలో చచ్చి ఇటుకరంగుకు మారును. అట్టి ఎర్రని పురుగు మీ పచ్చికలో కనబడినచో మందు పారినదని గ్రహింపవచ్చును. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీనిని పొడి రూపమున తయారుచేయు పద్ధతిని రూపొందించినది. హెక్టారుకు 250 కోట్ల నులిపురుగులు సాధారణ మోతాదు. అనగా సెంటు పచ్చికకు సుమారు ఒక కోటి. ప్యాకెట్టుపై గల సంఖ్యను చూచి లెక్క కట్టుకొనుడు. ఇవి ప్రాణమున్నవి గనుక ఎండలో ఉంచరాదు. గడువు తీరినవి కొనరాదు. ముందు నేలను తడిపి, ఎండ తగ్గిన పిమ్మట పోసి, మరల నీరు పెట్టవలెను.

రెండింటికిని తేమ గల నేలయు, చిన్న వయసు పురుగును కావలెను. ఆశ్లేష, మఖ కార్తెలలో వేసినచో మంచి ఫలితమిచ్చును. హస్త, చిత్తలలో పురుగు ముదిరి లోతునకు దిగు వేళ వేసినచో డబ్బు దండుగ.

మందుల విషయము

ఒకప్పుడు ఇట్టి పత్రికలలో ఈ పురుగుకు ఆల్డ్రిన్, హెప్టాక్లోర్, బి.హెచ్.సి. పొడులను చల్లవలసినదని వ్రాయుచుండెడివారు. ఆ మందులు ఏండ్ల తరబడి నేలలో నిలిచి, నీటిలోనికి, పాలలోనికి, మన శరీరములోనికి చేరునని తరువాత తేలినది. ఆల్డ్రిన్, హెప్టాక్లోర్‌లు 1996లోను, బి.హెచ్.సి. 1997లోను మన దేశమున నిషేధింపబడినవి. నేలలో వేయుటకు పేరుపొందిన ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31తో నిషేధమునకు వచ్చినవి. పాత కొట్టుగదిలో ఇట్టి డబ్బా ఏదైనను మిగిలియున్నచో దానిని పచ్చికపై గాని, చేనిలో గాని వాడరాదు. విప్పరాదు. వ్యవసాయాధికారికి తెలుపవలెను.

పచ్చికపై పసిపిల్లలు పొర్లుదురు. ఆవు మేయును. బావి దగ్గరనే ఉండును. కాబట్టి పచ్చికలో రసాయనిక మందు చిట్టచివరి మార్గము మాత్రమే. పైరుకు సిఫారసు చేసిన మందును అంచనాతో పచ్చికకు పోయకుడు. వేరుశనగ రైతులు విత్తనశుద్ధి చేసి విత్తుకొనుట మిక్కిలి అవసరము. ఏ మందు, ఎంత మోతాదు అనునది ఆ యేటి సిఫారసును బట్టి మీ మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనుడు.

పచ్చికను మరల పెంచుట

పురుగు పోయినదని తవ్వి రూఢి చేసికొన్న పిమ్మటనే మరల నాటవలెను. ఎండిన గడ్డిని గోకి తీసి, నేలను గుల్లచేసి, బాగుగా చివికిన, జల్లించిన ఎరువు కలిపి, గరిక తీగముక్కలను మూడు నాలుగు అంగుళముల ఎడముగా నాటుడు. పచ్చిపేడ గాని, సగము చివికిన ఎరువు గాని వేయరాదు. ఎరువుతో పాటు పురుగులు గూడ రావచ్చును. గడ్డిని మరీ నేలబారుగా కత్తిరింపకుడు. ఆకు పొట్టియైన కొలది వేరును పొట్టియగును.

క్రొత్తగా పచ్చిక వేయువారు వేసవిలోనే నేలను అడుగు లోతు తవ్వి, ఎండకు విడిచినచో లోపల దాగిన పురుగులు పక్షులకు ఆహారమగును, ఎండకు మాడిపోవును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

రోహిణి, మృగశిర: మొదటి వాన రాత్రి చెట్లు దులుపుట, దీపములు ఆర్పుట.

ఆరుద్ర, పునర్వసు: వాన ఆగినచో అనవసరముగా నీరు పెట్టకుండుట.

పుష్యమి, ఆశ్లేష: నాలుగైదు చోట్ల చదరపు అడుగు తవ్వి లెక్కించుట.

ఆశ్లేష, మఖ: అవసరమైన చోట ఏరివేయుట, శిలీంధ్రము గాని నులిపురుగు గాని వేయుట.

పుబ్బ, ఉత్తర: దెబ్బతిన్న చోట నీరు పెట్టి గడ్డిని కాపాడుట, పురుగు లేదని చూచి నాటుట.

ఇక ఆ పాఠశాల సంగతి చెప్పి ముగింతును. మరుసటి సంవత్సరము మృగశిరలో వాన పడిన సాయంకాలము ప్రధానోపాధ్యాయులు, పెద్ద తరగతుల పిల్లలు, గోడవతలి రైతు, అతని ఇరుగుపొరుగువారు దోటులు, దుప్పట్లు తీసికొని వేపచెట్ల క్రింద చేరిరి. నేనును ఉంటిని. మొదటి రాత్రి రెండు డబ్బాలు నిండినవి. నాలుగవ రాత్రికి అడుగు మాత్రమే తడిసినది. ఆ యేడు పచ్చికలో మచ్చలు లేకపోలేదు. గాని పందులకు పని లేకపోయినది. రైతు చేనిలో అక్కడక్కడ చెట్లు చచ్చినవి. గాని చేను నిలిచినది. కాయ ఒలుచునప్పుడు అతడు నన్ను పిలిచి, "అయ్యా, ఈసారి మీరు గడ్డి చూసేకి రావల్సిన పనే లేకపోయె" అన్నాడు.

కాబట్టి చదువరులకు నా మనవి ఇది. వచ్చే తొలకరికి మీ ఆవరణలోని వేపచెట్టు క్రింద దుప్పటి పరచుడు. గోడవతలి వారిని గూడ పిలువుడు. పచ్చిక పండుబారినప్పుడు యూరియా సంచి విప్పకముందే, మందు దుకాణమునకు పోకముందే, పార తీసికొని ఒక చదరపు అడుగు తవ్వి చూడుడు. నేను చేసిన పొరపాటు మీరు చేయకుందురు గాక.